నల్లపావులు డ్రా కోసమేనా?

చెస్ పోటీకి బయల్దేరే పిల్లలకు తమిళనాడులోని సత్రపట్టిలోనూ, పక్కనే రాజపాళయంలోనూ పెద్దలు చెప్పి పంపే మాట ఒకటుంది: "తెల్లతో గెలువు, నల్లతో డ్రా చేసుకున్నా చాలు." కారో-కాన్ లాంటి గట్టి ఓపెనింగ్‌ను నేర్పించేదీ ఆ డ్రా కోసమే. ఇంకొందరు గట్టి ఓపెనింగ్ పిరికివాళ్లదంటారు, దూకుడైన సిసిలియన్ డిఫెన్స్ బట్టీ కొట్టిస్తారు. ఇద్దరిదీ ఒకటే పొరపాటు: గట్టిగా ఆడితే గెలవలేమనుకోవడం.

కారో-కాన్‌నే చూడండి. తెల్ల ఈ4కు నల్ల సీ6, డీ4కు డీ5. తెల్ల గుర్రం సీ3కి రాగానే నల్లబంటు ఈ4లో బంటును కొడుతుంది, గుర్రం దాన్ని కొడుతుంది, నల్ల బిషప్ ఎఫ్5లోకి దూకుతుంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో సొంత బంట్ల వెనకే ఇరుక్కుపోయే బిషప్ ఇదే. తెల్లవాడు గుర్రంతో దాన్ని జీ6కి తరుముతాడు, హెచ్ బంటును హెచ్5 దాకా తోస్తాడు. చూసేవాళ్లకు నల్ల వెనక్కి తగ్గుతున్నట్టే ఉంటుంది. కానీ బంటుకు వెనకడుగు లేదు. మంత్రులు పోయాక ఆ హెచ్5 బంటును కాపాడుకోవడమే తెల్లవాడికి భారం కావచ్చు. పిల్లలకు నేర్పాల్సింది ఇది.

1960లో తాల్ చేతిలో ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నప్పుడు బోత్విన్నిక్ నమ్ముకున్నది కారో-కాన్‌నే. ఓడానని దాన్ని వదల్లేదు. 1961లో మళ్లీ అదే ఆడి, 13-8తో కిరీటం తిరిగి తెచ్చుకున్నాడు.

2000లో లండన్‌లో ప్రపంచ కిరీటం పోటీలో క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌తో కాస్పరోవ్‌ను నిలువరించాడు కదా, ఆ బెర్లిన్ ఆటలన్నీ డ్రాలేగా అంటారు కొందరు. నిజమే. కానీ మన పిల్లవాడి ఎదుట కూర్చునేది కాస్పరోవ్ కాదు, ఇరవయ్యో ఎత్తుకే ఓపిక నశించే మరో పదేళ్లవాడు. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే తండ్రి ఒకరోజు కూలి వదులుకుని పోటీకి తీసుకొస్తే, పన్నెండో ఎత్తులో డ్రాకు చెయ్యి చాపమనడం ఆ పిల్లవాడికి అన్యాయం.

2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ పోటీ తొలి ఆటలోనే డింగ్ లిరెన్ నల్లపావులు పట్టి ఫ్రెంచ్ డిఫెన్స్‌తో గుకేశ్‌ను ఓడించాడు. మరుసటి నెల న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ ఆఖరి రౌండ్లో కోనేరు హంపికి వచ్చినవీ నల్లపావులే. ఐరీన్ సుకందర్‌ను ఓడించి 8.5 పాయింట్లతో ఒంటరిగా మొదటి స్థానంలో నిలిచింది. డ్రాతో సరిపెట్టుకుని ఉంటే మరికొందరితో సమానంగా మిగిలేది.

కోచ్‌లు ఎత్తుల పట్టిక పక్కన పెట్టి, కారో-కాన్‌లో పదిహేనో ఎత్తు నాటి స్థితిని బల్ల మీద పేర్చండి. సీ బంటును సీ5కి ఎప్పుడు తోయాలో, ఏ పావులు మార్చుకుంటే నల్లకు మేలో పిల్లలనే అడగండి. అక్కడి నుంచి చివరిదాకా ఆడనివ్వండి.