కరిగిందా, విరిగిందా?

మన లాబ్ రికార్డుల్లో ఒక మాట నాకు అస్సలు పడదు. సోడియం మిథాక్సైడ్‌కి ఎదురుగా ‘నీటిలో కరుగును’ అని రాస్తాం. సీనియర్ రికార్డులో ఉంది, మనమూ దించాం, సంతకం పడిపోయింది. తెల్లపొడి నీళ్ళలో వేయగానే మాయమైంది కాబట్టి కరిగినట్టే కదా అంటారు. కాదు.

ఉప్పునీళ్ళు మరిగించి ఇగరబెడితే గిన్నె అడుగున మళ్ళీ ఉప్పే దొరుకుతుంది. అదీ కరగడమంటే. సోడియం మిథాక్సైడ్‌తో అదే పని చేస్తే మిగిలేది కాస్టిక్ సోడా. (హాస్టల్ రూంలో చేసి చూడకండి. పోయే ఆవిరిలో మిథనాల్ ఉంటుంది, అది విషం, పైగా భగ్గుమంటుంది.) మిథాక్సైడ్ అయాన్ నీటి నుంచి ఒక ప్రోటాన్ లాక్కుని మిథనాల్ అయిపోతుంది, నీళ్ళ వైపు హైడ్రాక్సైడ్ మిగులుతుంది. వేసింది ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి. దీన్ని జలవిశ్లేషణ అని ఇంటర్‌లోనే చదువుకున్నాం. పరీక్ష అయ్యాక వదిలేశాం, అంతే.

మాటల్లో ఏముంది, మార్కులొస్తే చాలు అని మా బ్యాచ్ కూడా అనుకుంది. మినీ ప్రాజెక్టుకి క్యాంటీన్‌లో వాడేసిన నూనెతో బయోడీజిల్ చేద్దామని దిగాం. నూనెలో తడి ఉందని తెలుసు. ‘కెటలిస్టు నీళ్ళలో కరిగేదే కదా, ఏం కాదులే’ అన్నాం. లెక్క వేసుంటే తెలిసేది: సోడియం మిథాక్సైడ్ అణుభారం 54, నీటిది 18. అంటే ఒక గ్రాము నీళ్ళు మూడు గ్రాముల కెటలిస్టుని మింగేయగలవు. పుట్టిన కాస్టిక్ సోడా ఊరుకుంటుందా, నూనెని పట్టుకుని సబ్బు చేసింది. అడుగున గ్లిజరిన్ విడిపోవాల్సిన చోట బీకరు నిండా నురగ. మూడు వారాల పని.

ఆ నూనెని ముందే 110 డిగ్రీల దగ్గర కాసేపు కాచి ఉంటే సరిపోయేది. కరగడానికీ జలవిశ్లేషణకీ తేడా మనసులో ఉంటే ఆ పని చేయమని ఎవరూ చెప్పక్కర్లేదు.

టైటానియం ఐసోప్రొపాక్సైడ్ దగ్గరైతే కళ్ళే చెబుతాయి. స్వచ్ఛమైన ద్రవం, ఒక్క చుక్క నీళ్ళలో పడగానే పాలు విరిగినట్టు తెల్లగా ముద్దకడుతుంది. పాలు విరిగితే ‘కరిగాయి’ అని మన అమ్మల్లో ఎవరైనా అంటారా? ఆ తెల్లది టైటానియం డయాక్సైడ్‌కి ముందు రూపం. సన్నటి పూత కావాలంటే నీళ్ళని ఆల్కహాల్‌లో కలిపి, కొంచెం యాసిడ్ చేర్చి, మెల్లగా పోస్తారు. సీసా మూత తీసి ఫోన్ మాట్లాడి వచ్చేవాళ్ళకి ఆ పూత రాదు, గాలిలో తేమే పని కానిచ్చేస్తుంది. తర్వాత ‘కెమికల్ పాతది సార్’ అని చెప్పడం మామూలే.

అందరూ ఒకేలా తొందరపడరు. టెట్రా ఈథాక్సీ సిలేన్ అసలు నీళ్ళలో కలవనే కలవదు, నూనెలా వేరే పొరగా నిలబడుతుంది. రెంటినీ కలపడానికి ఇథనాల్, చర్య కదలడానికి యాసిడో అమోనియానో ఉండాలి. సిలికాన్ లోహం కాదనుకోండి, కథ మాత్రం ఇదే కుటుంబానిది.

ఇంకో ముచ్చట. సోడియం మిథాక్సైడ్ చర్య వెనక్కి కూడా నడుస్తుంది. కాస్టిక్ సోడా, మిథనాల్ కలిపి, పుట్టిన నీళ్ళని పుట్టినట్టే స్వేదనంతో లాగేస్తూ పరిశ్రమల్లో దాన్ని తయారుచేసే పద్ధతి ఉంది. మిథనాల్‌లో మాత్రం అది నిజంగానే కరుగుతుంది, బజార్లో 25, 30 శాతం ద్రావణంగా దొరుకుతుంది కూడా. అక్కడ ‘కరుగును’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈసారి నా రికార్డులో ఆ గడి కొట్టేసి ‘నీటితో చర్య జరిపి విడిపోవును’ అని రాశాను. వైవాలో సార్ సరిగ్గా దాని మీదే పట్టుకుని నాలుగు ప్రశ్నలడిగారు. మూడింటికి చెప్పగలిగాను.