పునాది కింది గోడలు

చర్చి పక్కన సంఘానికి హాలు కట్టాలనుకుంటే మనవాళ్లు ముందుగా అడిగేది ‘ఎంతమంది పడతారు?’ అని. అడగాల్సిందే. కానీ ఆ నేల మీద అంతకుముందు ఏముండేదని కూడా అడిగిన ఊరొకటి ఉంది. డెన్మార్క్‌లోని రీబె.

ఆ దేశంలో అన్నిటికన్నా పాత పట్టణమది. 8వ శతాబ్దం మొదట్లోనే అక్కడ సంత సాగింది. 12వ శతాబ్దంలో మొదలైన పెద్ద చర్చికి రైన్ నదీ తీరం నుంచి రాయి తెచ్చారు. ఆ చర్చికి ఎదురుగా సంఘం ఇల్లు కట్టదలచిన చోట, ఒకప్పుడు గురువులు కలిసి బతికిన మఠం తాలూకు ఇటుక గోడలున్నాయి. ఆ చుట్టుపక్కల ఇంకా లోతున వైకింగుల కాలపు క్రైస్తవ సమాధులు.

లుండ్‌గార్డ్ అండ్ ట్రాన్‌బెర్గ్ వాస్తుశిల్పులు ఆ గోడల్ని పూడ్చలేదు. కాంక్రీటు స్తంభాలెత్తి, కొత్త ఇంటిని వాటిమీదుగా నిలబెట్టారు. కింద అద్దాలు, దారిన పోయేవాళ్లకూ ఆ ఇటుకలు కనపడతాయి. పైన సంఘం కూడుకునే గదులు. పేరు కన్నికెగోర్డెన్. 2017లో ఐరోపా కట్టడాలకిచ్చే మీస్ వాన్ డెర్ రోహె బహుమతికి తుది ఐదు కట్టడాల్లో ఒకటిగా నిలిచింది.

నన్ను పట్టేసింది మాత్రం దాని గోడ. పాత కమానులకు నకలు లేదు. కాల్చిన మట్టి పలకలు, పొడవుగా, పలచగా, ఒకదాని అంచు మీద మరొకటి, అచ్చం మనం పెంకులు నేసినట్టే. ఒక్కో పలకదీ ఒక్కో ఎరుపు. కొత్తదని చూడగానే తెలుస్తుంది, అయినా ఆ వీధిలో పరాయిదనిపించదు.

మా ఊళ్లో చర్చి ఆవరణలో పెంకుల బడి ఉండేది. నాకు అక్షరాలొచ్చింది అక్కడే. హాలు కోసం ఒక్క పూటలో జేసీబీతో నేలమట్టం చేశారు. ఇప్పుడక్కడ రేకుల పలకల ముఖద్వారం, సిమెంటుతో దిద్దిన మొనదేలిన కమాను, లోపల మాటకు మాట ప్రతిధ్వని. ముసలివాళ్లకు ప్రార్థన వినపడదు. హాలు వద్దని నేననడంలేదు. పెళ్లి భోజనాలకు, క్రిస్మస్ నాటికల రిహార్సల్సుకు అది కావాలి. కూల్చేముందు ఆ గోడల కొలతలైనా తీయాల్సింది. మన మెదక్ చర్చినే తీసుకోండి, కరువు రోజుల్లో పనికి వచ్చిన కూలీలు 1914 నుంచి 1924 దాకా దాన్ని కట్టారు. అలాంటి ఆవరణల్లో రేపు ఏ గోడ లేపినా ఆ చేతుల పక్కనే లేపుతున్నామని మేస్త్రీకి ముందే చెప్పాలి.

మా బడి పెంకులు ఓ యాభై దాకా ఏరి తెచ్చుకున్నాం. పెరట్లో కోళ్లగూటి మీద కప్పాం. ఇప్పటికీ ఒక్క చినుకు లోపలికి దిగదు.