పెరటి గదికి ముందు కాగితం, తర్వాత గడ్డపార

పంట డబ్బు చేతికొచ్చి ఎండలు ముదిరాయంటే చాలు, మన పల్లెల్లో ఇంటి పనులు మొదలవుతాయి. ముఖ్యంగా వరంగల్ నగరానికి ఆనుకొని వున్న హసన్‌పర్తి, మడికొండ వంటి చోట్ల ఏ వీధిలోకి వెళ్లినా ఇసుక కుప్పో, కంకర కుప్పో దారికి అడ్డంగా కనిపిస్తుంది. ఒకప్పుడివి వూళ్లు. నేడు నగరపాలక సంస్థలో భాగాలు. పేరు మారింది కాని ఇంటి జాగా పెరగలేదు. పెరిగినది ఇంట్లోని మనుషులు మాత్రమే.

కొడుకు పెళ్లి కుదిరితే ఒక అర్ర కావాలి. చదువుకొనే పిల్లలకో, పనికోసం వచ్చిన కుటుంబానికో అద్దెకిస్తే నెలకింత రాబడి వుంటుంది. వేరే జాగా కొందామంటే గజం ధర వింటేనే గుండె ఝల్లుమంటుంది. కనుక అందరి చూపూ పెరటి మీద పడింది. గొడ్ల కొట్టం తీసేసి గది, జామచెట్టు కొట్టేసి గది, బావి గట్టును ఆనుకొని గది. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. వున్న జాగాలో గూడు పెంచుకోవడం సంసారి లక్షణమే. అయితే కడుతున్న తీరు గురించి నాలుగు మాటలు చెప్పుకోవలసిన అవసరం ఎంతైనా వున్నది.

నా తప్పు

ఈ మాటలు చెప్పే అర్హత నాకు తప్పు చేయడం వల్లనే వచ్చింది. 2009లో మా పెద్దవాడి పెళ్లికి ముందు ఇంటికి స్లాబు పోయించి, మా అమ్మను పెరట్లో వేసిన రేకుల గదిలోకి మార్చాను. ఆమె అడగలేదు, నేను ఆమెను అడగలేదు. సుతారి మేస్త్రీ వచ్చి "ఎంత పొడుగు పెడదాం సారూ?" అన్నాడు. నేను అడుగులు వేసి చూపించాను. అదే ప్లాను, అదే అంచనా. గది తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒకే ఒక కిటికీ. మరుగుదొడ్డి పెరటి అవతలి మూలన, ఇరవై అడుగుల దూరాన.

రెండో వానాకాలంలో ఒక రాత్రి ఆమె బయటికి పోతూ పాకుడు పట్టిన బండ మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మళ్లీ లేచి సొంతంగా నడవలేదు. ముందు ఇంటి ఆర్చికి, రంగులకు పెట్టిన సొమ్ములో సగం పెడితే ఆ గదికి ఆనుకొనే మరుగుదొడ్డి వచ్చేది. "ఏం జేస్తవు బిడ్డా, చీకట్ల కాలు జారింది" అన్నదే కాని ఆమె నన్ను ఒక్కనాడూ నిందించలేదు. కాలు జారింది ఆమెది. తప్పు మాత్రం నాది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. కొత్త స్లాబు కొడుకూ కోడలికి, వెనుక రేకుల గది ముసలి తల్లిదండ్రులకు అనేది మన వూళ్లలో వాడుకగా మారింది. మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఒక్క గంట కూర్చొని చూస్తే ఎవరికైనా విషయం అర్థమవుతుంది. పెరట్లో వేసేది పాత సామాను గది కాదు, ఒక మనిషి బతికే ఇల్లు. ఈ సంగతి ఒప్పుకొంటే చాలు, మిగిలిన లెక్కలన్నీ దాని వెంటే వస్తాయి.

రెండు వందల గజాల లెక్క

మన వైపు సాధారణంగా కనిపించే ముప్పై అడుగులు, అరవై అడుగుల జాగానే తీసుకొందాం. ఇది సరిగ్గా 200 గజాలు. ముందు ఇల్లు ముప్పై అడుగుల లోతు ఆక్రమించినదనుకొంటే వెనుక మరో ముప్పై అడుగులు మిగులుతుంది. ఇదంతా గదులతో నింపేద్దామన్న ఆశ మొదట పుడుతుంది. ఆ ఆశనే ముందుగా అదుపులో పెట్టాలి.

మనిషి వుండే గది 9.5 చదరపు మీటర్లకు, అంటే సుమారు 102 చదరపుటడుగులకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతున్నది. వెడల్పు కూడా 2.4 మీటర్లకు, అంటే దాదాపు ఎనిమిది అడుగులకు తగ్గరాదు. నేను మా అమ్మకు వేసిన గది 63 చదరపుటడుగులే! పన్నెండడుగులు, పదడుగుల గది వేస్తే 120 చదరపుటడుగులు వస్తుంది. మంచం, బీరువా, ఒక కుర్చీ పోను మనిషి మసలడానికి చోటుంటుంది. దానికి ఆనుకొని ఏడడుగులు, అయిదడుగుల స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి కట్టవచ్చు.

కిటికీలు నేల వైశాల్యంలో కనీసం పదో వంతు వుండాలి. ఎదురెదురు గోడల్లో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున ఒక్కొక్క కిటికీ పెడితే అంతకు రెండింతలు వెలుతురు, గాలి వస్తాయి. వృద్ధుల కోసమైతే గడప తీసేయాలి. తలుపు మూడడుగులుండాలి. మరుగుదొడ్డి గోడకు చేతి పట్టు కడ్డీ బిగించాలి. నేల మీద నునుపు టైల్సు వద్దు, గరుకు బండ మేలు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. కట్టేటప్పుడు గుర్తుంటే వందల్లో పోతాయి, తర్వాత పగలగొట్టి చేయాలంటే వేలవుతాయి.

పైకప్పు విషయంలో రేకులు తప్పనిసరైతే వాటి కింద సీలింగు వేయించాలి. స్లాబయితే పైన తెల్లసున్నం కొట్టించాలి. తెల్లని కప్పు ఎండను వెనక్కు కొడుతుంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది ఇందుకే.

నీరు వచ్చే దారి, పోయే దారి

పెరట్లో ఇల్లు వేసేవారు ఎక్కువగా మరిచేది నీటి సంగతి. మరుగుదొడ్డి ఇంకుడు గుంతకు, మంచినీళ్ల బావికి మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు అరవై అడుగుల దూరం వుండాలని ప్రమాణం. మన జాగా మొత్తం పొడవే అరవై అడుగులు! కనుక పెరట్లో బావి వున్నవారు దాని నీటిని తాగడానికి వాడకపోవడమే క్షేమం. మనకు బావి లేదు కదా అని పక్కింటి బావి గోడ పక్కనే గుంత తవ్వడం కూడా పాపమే.

సెప్టిక్ ట్యాంకు మీద గది కట్టరాదు. మూత తీయడానికి, తోడే బండి గొట్టం లోపలికి రావడానికి దారి వుంచాలి. మన నగరంలో మల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం 2017 నుంచి వున్నది. బండిని పిలిపించాలే తప్ప మనిషిని ట్యాంకులోకి దింపరాదు. అది 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచినా, విషవాయువుకు క్షణాల్లో ప్రాణం పోతుంది.

ఇక వాన నీరు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో, 2025 అక్టోబరులో మొంథా తుపాను సమయంలో మన నగరంలో కాలనీలు ఎలా మునిగాయో అందరం చూశాం. నాలాల ఆక్రమణ గురించి మాట్లాడుకొన్నాం, మంచిదే. కాని ఇంటింటా పెరడంతా సిమెంటు చేసి, వాన నీటిని వీధిలోకి తోసింది కూడా మనమే కదా? పెరట్లో మూడో వంతైనా మట్టి నేలగా వదిలితే నీరు ఇంకుతుంది, ఒక చెట్టు బతుకుతుంది. సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు పోసినకొద్దీ వీధి ఎత్తు పెరుగుతున్నది. అందుచేత పెరటి గది నేలను నేటి వీధి మట్టం కంటే కనీసం రెండడుగులు ఎత్తున లేపుకోవడం వివేకం. వృద్ధుల కోసం మెట్ల పక్కన ఏటవాలు దారి వేసుకోవచ్చు.

పాత గోడ, కొత్త గోడ

ఖర్చు కలిసి వస్తుందని పాత మట్టి గోడ మీదనే కొత్త గది దూలాలు మోపుతున్నవారు వున్నారు. ఇది ప్రమాదం. పాత గోడ ఎప్పుడో కుదురుకొన్నది. కొత్త గోడ ఇంకా కుంగుతుంది. రెండింటినీ కలిపి కడితే మధ్యలో పగులు ఖాయం. కొత్త గదికి నాలుగు గోడలూ సొంతంగా వుండాలి. పాత గోడకు, కొత్త గోడకు మధ్య సందు వదిలి పైన వాన పడకుండా కప్పాలి. రేగడి నేలలో మరీ జాగ్రత్త అవసరం. అది వానకు వుబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. నెర్రెల లోతు దాటి పునాది తవ్వనిదే గోడ నిలవదు. స్లాబు పోశాక ఎండాకాలంలో పది నుంచి పద్నాలుగు రోజులు నీళ్లు పట్టాలి. మూడు రోజులు పట్టి చాలించడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

రెండు కాగితాలు

మొదటి కాగితం అనుమతి. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం పట్టణ ప్రాంతాల్లో 75 గజాల లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకొంటే చాలు. 75 నుంచి 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. అయితే అబద్ధపు వివరాలిచ్చి కట్టిన దానిని నోటీసు లేకుండానే తీసేసే అధికారం వున్నది. మనం చెప్పుకొన్న 200 గజాల జాగాలో మామూలు వీధికి ముందు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. గ్రామపంచాయతీగానే మిగిలిన వూళ్లవారు పంచాయతీకి దరఖాస్తు చేసుకోవాలి.

రెండో కాగితం ఇంట్లోవారిది. ఇది మొదటి దాని కంటే ముఖ్యమైనది. పెరడు తాతల నాటి వుమ్మడి ఆస్తి అయితే అందులో అన్నదమ్ములకే కాదు, 2005 చట్ట సవరణ ప్రకారం ఆడబిడ్డలకూ సమాన హక్కు వున్నది. ఒకడు లక్షలు పోసి గది కట్టిన తర్వాత "ఆ జాగా నా వాటా" అని మరొకరు అంటే, గది నిలుస్తుంది కాని రక్తబంధం కూలుతుంది. బాకీ కాగితం రాసుకోవడానికి సిగ్గుపడని మనం, తోడబుట్టినవారి సమ్మతి కాగితం అడగడానికి ఎందుకు మొహమాటపడాలి? ఎవరి ఖర్చు ఎంత, పంపకంలో గది ఎవరికి, రాకపోక దారి ఎటు అనే మూడు మాటలు రాసి అందరూ సంతకం చేస్తే పదేళ్ల కోర్టు తిరుగుడు తప్పుతుంది.

అధికారులకూ ఒక మాట

"కూడబెట్టిన నాలుగు రూపాయలతో గది వేసుకొనే పేదవాడికి ఈ ప్లానులెందుకు?" అనేవారున్నారు. వారి మాటలో కొంత న్యాయం లేకపోలేదు. అనుమతి అంతా కంప్యూటరులో సులభమన్నారు. కాని చదువు రాని మనిషికి ఆ కంప్యూటరు ముందు మళ్లీ ఒక మధ్యవర్తే దిక్కు. గ్రామకంఠంలో తరతరాలుగా వున్న ఇంటికి ఇంటి నెంబరు, పన్ను రసీదు తప్ప దస్తావేజు ఎక్కడిది? వూళ్లను నగరంలో కలిపినవారు ఈ చిక్కునూ విప్పాలి.

నెలకొక రోజు వార్డుకొక ఇంజనీరు వచ్చి కూర్చొంటే చాలు, సగం తప్పులు పునాదికి ముందే ఆగుతాయి. వంద, నూటయాభై, రెండు వందల గజాల జాగాలకు పెరటి గదితో సహా మాదిరి ప్లానులు తెలుగులో గీయించి వార్డు కార్యాలయం గోడకు అతికిస్తే ఖర్చెంత? కట్టిన తర్వాత కూల్చడానికి వచ్చే అధికారి, కట్టక ముందు చెప్పడానికి కూడా రావాలని కోరడం అత్యాశ కాదు.

అంతవరకు మనం చేయగల పని ఒకటున్నది. పిల్లల లెక్కల నోట్సులో ఒక కాగితం చింపి జాగాను గీయండి. ఇల్లు, బావి, గుంత, దారి, చెట్టు, పక్కింటి బావి అన్నీ గుర్తు పెట్టండి. తర్వాత నేల మీద ముగ్గు పోయండి. ఆ ముగ్గులో మంచం వేసి, ఆ గదిలో వుండబోయే పెద్దమనిషిని పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మా, నడిరాత్రి వానలో ఇక్కడినుంచి ఎట్లా పోతవు?"

ఆమె చెప్పిన జవాబు విన్న తర్వాతే గడ్డపార ఎత్తండి.