రాగి గింజకు కాపలా ఖర్చు ఎవరిది?

బాగేపల్లి, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు మాట్లాడే పల్లెల్లో సంగటి వండని ఇల్లు అరుదు. ఆ సంగటి పిండి ఏ రకం రాగులదని అడిగితే చాలామంది రైతులు 'జీపీయూ-28' అంటారు. ఆ రకం ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది అదే.

రాగికి పెద్ద శత్రువు అగ్గి తెగులు. వెన్ను మీద పడితే గింజ పట్టదు. 1990లలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జీపీయూ-28 ఆ తెగులును తట్టుకుంది. దాని వంశవృక్షంలో 'ఐఈ 1012' అనే ఆఫ్రికా రకం ఉంది. అంతకు ముందే మండ్య వి.సి. ఫారంలో 'రాగి లక్ష్మణయ్య'గా పేరొందిన శాస్త్రవేత్త మన రాగినీ ఆఫ్రికా రాగినీ సంకరపరచి 'ఇండాఫ్' రకాలు తెచ్చారు. ఆ పేరులోనే ఇండియా, ఆఫ్రికా రెండూ ఉన్నాయి. ఒక నంబరు వేసి ఎవరో దాచి పెట్టిన గింజ మన కంచంలోకి వచ్చిందన్నమాట.

దాచడమంటే డబ్బాలో పోసి మూత పెట్టడం కాదు. గింజలో తేమను బాగా తగ్గించాలి. గాలి చొరని అల్యూమినియం సంచుల్లో మూసి, దీర్ఘకాలానికైతే సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉంచాలి. కొన్నేళ్లకోసారి మొలక పరీక్ష చేయాలి. మొలక తగ్గితే మడిలో వేసి కొత్త గింజ తీయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1,20,000కు పైగా నమూనాలను ఇలాగే కాపాడుతోంది. కరెంటు పోతే జనరేటర్ ఉండాలి, మడిలో చూసే మనిషి ఉండాలి. మామిడికి ఈ మార్గం కూడా లేదు. టెంక ఆరితే చచ్చిపోతుంది కాబట్టి చెట్లుగానే పెంచాలి. బెంగళూరు శివార్లలో ఎకరం ధర తెలిసినవారికి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలాంటి చోట్ల చెట్లకు వదిలిన భూమి విలువ వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇదంతా భరించలేని ఖర్చా? అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రాల విత్తన బ్యాంకుల మీద 2002లో ఒక లెక్క వేశారు. 11 కేంద్రాల్లో 6 లక్షలకు పైగా నమూనాలకు ఏడాదికి అయ్యేది సుమారు 57 లక్షల డాలర్లు. అంటే నమూనాకు పది డాలర్ల లోపే. ఒక్క తెగులు ఒక జిల్లా పంటను తుడిచేస్తే జరిగే నష్టం ముందు ఇదెంత?

చిక్కు మొత్తంలో లేదు, తీరులో ఉంది. మూడేళ్లకో, అయిదేళ్లకో ప్రాజెక్టు పేరున డబ్బు ఇస్తారు. గింజకు ఆ గడువు తెలియదు. ఒక్క ఏడాది మొలక పరీక్ష వాయిదా పడితే ఫర్వాలేదనుకుంటారు గానీ, అలాంటి ఏళ్లు నాలుగు కలిస్తే ఒక రకం మాయమవుతుంది. అది పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు. 2025 బడ్జెట్‌లో 10 లక్షల నమూనాలతో రెండో జాతీయ జీన్ బ్యాంకు ప్రకటించారు. సంతోషమే. కానీ భవనానికి ఖర్చు ఒక్కసారే, కాపలాకు ఏటేటా.

"రైతులే కాపాడతారులే, ఈ ఫ్రిజ్‌లు ఎందుకు?" అనేవారూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. చేలో ఉన్న విత్తనం మారే వానలకు తగ్గట్టు తానూ మారుతుంది, ఫ్రిజ్‌లోది మారదు. కానీ దిగుబడి తక్కువైన గిడ్డ రాగి, ఉండె రాగి వేసుకొని నష్టపోమని రైతుకు ఏ నోటితో చెబుతాం? ఊరి కోసం పాత రకం వేసే రైతుకు ఆ తేడా ఊరే ఇవ్వాలి. చేనూ కావాలి, చల్లటి గదీ కావాలి. ఒకటి ఉందని రెండోది మానేయకూడదు.

అందుకే రెండు పనులు జరగాలి. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ప్రాజెక్టులతో సంబంధం లేకుండా శాశ్వత నిధి పెట్టి, దాని వడ్డీతో విత్తన బ్యాంకులను నడపాలి. రెండోది, కోలారు, చిక్కబళ్లాపురం, అనంతపురం, చిత్తూరు రైతుల తాతల నుంచి తీసుకున్న గింజలో గుప్పెడు అడిగిన రైతుకు తిరిగివ్వాలి. నాడు వాళ్లు ఉచితంగా ఇచ్చారు. నేడు వాళ్ల మనవళ్లు అడిగితే దరఖాస్తు, రశీదు అని తిప్పడం న్యాయం కాదు.

గింజకు సరిహద్దు లేదు. దాని ఖర్చు పంచుకోవడానికి మాత్రం ఎందుకుండాలి?