గడప లోపలి యుద్ధం

టర్కీ ఆగ్నేయంలోని కుర్దు పట్టణాల్లో 2015, 2016లలో జరిగినదాన్ని ‘వీధి పోరాటం’ అంటున్నారు. ఆ పేరుతోనే నాకు పేచీ. అందులో వీధిలో జరిగిందెంత, ఇళ్ళలో జరిగిందెంత?

2015 జూలైలో శాంతి చర్చలు కూలిపోయాయి. జిజ్రే, సిలోపీ, నుసైబిన్‌లలో, దియార్‌బకిర్ పాతబస్తీ సూర్‌లో కుర్దు యువతీయువకులు కందకాలు తవ్వి, బారికేడ్లు కట్టారు. రాజ్యం టాంకులు దింపి రాత్రింబవళ్ళు కర్ఫ్యూ పెట్టింది. టర్కిష్‌లో కర్ఫ్యూని ‘వీధిలోకి వెళ్ళడంపై నిషేధం’ అంటారు. ఆడవాళ్ళకి ఈ నిషేధం కొత్తదా? ఇంట్లో ఉంటే క్షేమమన్న పితృస్వామ్యపు పాత అబద్ధాన్నే రాజ్యం ఉత్తర్వుగా చదివి వినిపించింది. ఆ తర్వాత ఆ ఇళ్ళమీదే గుళ్ళు కురిపించింది. జిజ్రేలో నేలమాళిగల్లో తలదాచుకున్న 189 మంది వరకూ తిండీ నీళ్ళూ వైద్యమూ లేక వారాలపాటు చిక్కుకుని చనిపోయారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నివేదిక చెప్పింది. సిలోపీలో ఒక తల్లి శవం ఏడు రోజులు వీధిలోనే పడి ఉంది. ప్రత్యేక బలగాలు ఖాళీ చేసి వెళ్ళిన ఇళ్ళ గోడలమీద ఆడవాళ్ళని కించపరిచే రాతలు మిగిలాయి. ఆ రాతలు ఏ ఉగ్రవాదాన్ని అణచడానికి?

ఇక మన సంగతి. కొబానీ యుద్ధం నాటినుంచీ తుపాకీ పట్టిన కుర్దు యువతి మనకి ఇష్టమైన బొమ్మ. ఆ బొమ్మని ప్రేమించడం తేలిక. కానీ కందకం ఎవరి గుమ్మం ముందు తవ్వారు? గోడలకి కన్నాలు పొడిచి ఇంటినుంచి ఇంటికి నడిచినప్పుడు, గదుల్లో పేలుడు పదార్థాలు అమర్చినప్పుడు ఆ ఇల్లాలిని ఎవరడిగారు? ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచమనడం లేదు. టాంకులు ఎవరివో తెలుసు. అయినా స్త్రీ విముక్తిని జెండామీద రాసుకున్న ఉద్యమం స్త్రీల ఇళ్ళని యుద్ధరంగంగా ఎంచుకున్నందుకు జవాబు చెప్పి తీరాలి.

ఇది అడగడం శత్రువుకి సాయపడటం అనేవాళ్ళు తాహిర్ ఎల్చిని గుర్తుచేసుకోవాలి. దియార్‌బకిర్ న్యాయవాదుల సంఘం అధ్యక్షుడాయన. 2015 నవంబర్ 28న సూర్‌లో నిలబడి ఇక్కడ ఆయుధాలూ వద్దు, సైనిక చర్యలూ వద్దు అన్నాడు. కాసేపటికే అక్కడే తుపాకీ గుండుకి బలయ్యాడు. ఆ కేసులో పోలీసులు 2024లో నిర్దోషులుగా బయటపడ్డారు. నుసైబిన్ శిథిలాల బొమ్మ గీసినందుకు జెహ్రా దోవాన్‌కి 2017లో రెండేళ్ళ తొమ్మిది నెలలకి పైగా జైలుశిక్ష పడింది. ఈ నేరంలో మేం భాగస్వాములం కాబోమని 2016 జనవరిలో 1,128 మంది అధ్యాపకులు, పరిశోధకులు సంతకాలు చేస్తే తర్వాత వందలమంది ఉద్యోగాలు ఊడాయి. మాట్లాడినందుకు వాళ్ళు చెల్లించిన వెల అది. మన మౌనానికి వెల లేదు గనకే అది ఇంత సుఖంగా సాగుతోంది.

2025 మేలో పి.కె.కె. తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఆయుధాల లెక్క అందరూ అడుగుతారు. నిర్వాసితులైన లక్షలమంది లెక్క, 2016లో సూర్‌లో సర్కారు సేకరణ కింద తీసుకున్న ఇళ్ళ లెక్క ఎవరడుగుతారు? ఆ ఇళ్ళ ఆడవాళ్ళని కూర్చోబెట్టకుండా జరిగే ఏ ఒప్పందాన్నీ శాంతి అని మనం రాయకూడదు.