అమెరికా చీజ్, టీబీ మాత్ర

కొన్నాళ్ల కింద కోదాడ దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయనను మా ఓపీకి తీసుకొచ్చారు. టీబీ మందులు మొదలుపెట్టి మూడు వారాలైంది. ముందు రోజు రాత్రి ఉన్నట్టుండి ముఖం, మెడ ఎర్రబడ్డాయి. గుండె దడ, తలపోటు. నేను బీపీ చూస్తుండగానే కొడుకు, "మందు పడ్తలేదు సార్, గోలీలు ఆపేద్దామా?" అని అడిగాడు.

రాత్రి ఏం తిన్నారని అడిగాను. రొట్టె, కూర, దానిమీద చీజ్ తురుము. డాలస్‌లో ఉండే పెద్దకొడుకు సెలవులకొచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చిన గట్టి చీజ్ అది, రెండేళ్లు మాగబెట్టిందట. నాన్నకు బలం వస్తుందని కోడలు రోజూ కాస్త ఎక్కువగానే తురిమి పెడుతోంది. బలానికి పెట్టినదే గుండె దడకు కారణమై ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. చీజ్ మానేశాక మళ్లీ ఆ బాధ రాలేదు. మాత్రలు ఆపాల్సిన పనే పడలేదు.

సంగతి ఇదీ. చీజ్ నెలల తరబడి మాగేటప్పుడు పాలలోని మాంసకృత్తులు విరుగుతాయి. ఆ క్రమంలో టైరమిన్, హిస్టమిన్ అనే పదార్థాలు తయారవుతాయి. మామూలుగా మన పేగుల్లో, కాలేయంలో ఉండే ఎంజైములు వాటిని అక్కడికక్కడే విరిచేస్తాయి. టీబీ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్ ఆ ఎంజైములకు కొంత అడ్డుపడుతుంది. అందరికీ ఇలా అవుతుందని కాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్ వాడేవారిలో, కొన్ని పాతతరం డిప్రెషన్ మందులు వాడేవారిలో బీపీ ప్రమాదకరంగా ఎగబాకే అవకాశం ఉంది. డిప్రెషన్ మందులకూ చీజ్‌కూ ఉన్న ఈ వైరాన్ని 1963లోనే లండన్ వైద్యుడు బ్యారీ బ్లాక్‌వెల్ బయటపెట్టారు. వండితే పోతుందనుకోకండి, టైరమిన్ వేడికి నశించదు. మన పనీర్ తాజాది, మాగబెట్టరు కాబట్టి దానికి ఈ పేచీ లేదు.

పదేళ్ల కింద ఈ మాట రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ సూపర్ మార్కెట్ల ఫ్రిజ్‌లలో చెడార్, గౌడా పేర్లు కనిపిస్తున్నాయి. దొరకనిది ఆన్‌లైన్‌లో వస్తుంది. అదీ కాకపోతే పిల్లలు విదేశాల నుంచి తెస్తారు. విదేశీ చీజ్ మీద సుమారు 30 శాతం దిగుమతి సుంకం ఉంది. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలోనూ పాడి ఉత్పత్తులకు రాయితీ ఇవ్వలేదు. మన పాడి రైతు కోణంలో అది సరైన పనే. అయితే 2025 సెప్టెంబరు 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వాడకం పెరగడమే తప్ప తగ్గేది కాదు.

సరుకు దేశంలోకి రావడానికి నిబంధనలు గట్టిగానే ఉన్నాయి. దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో పాలు విరిచిన చీజ్‌ను మన ఆహార ప్రమాణాలు ఒప్పుకోవు. ఇటలీ వారి అసలైన పార్మిజానో రెజ్జానోకు ఆ రెన్నెట్ తప్పనిసరి. అందుకే కొనేటప్పుడు ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఆకుపచ్చ గుర్తు ఉన్నాయో లేదో చూడండి. సూట్‌కేసులో వచ్చిన ముక్కకు ఇవేవీ ఉండవు. శాకాహార నియమం పాటించే ఇళ్లలో ఈ సంగతి తెలియకుండానే తినేస్తున్నారు.

ఇంత తనిఖీ చేసే వ్యవస్థలో "ఫలానా మందు వాడేవారు తినకూడదు" అని చెప్పేవారు లేరు. ప్యాకెట్ మీద రాయరు. తప్పు మా దగ్గరా ఉంది. చీటీ రాసిచ్చి "బలమైన తిండి తినండి" అని పంపేస్తాం. ఏది బలమో ఇంట్లోవాళ్లే ఊహించుకుంటారు, ఖరీదైనదే బలమైనదని అనుకుంటారు.

బలం లెక్క కూడా చూద్దాం. కిలో గట్టి చీజ్‌కు దాదాపు పది లీటర్ల పాలు పడతాయి కాబట్టి కాల్షియం దండిగా ఉంటుంది, నిజమే. కానీ రొట్టె మీద పది గ్రాములు తురిమితే వచ్చే కాల్షియం వంద మిల్లీలీటర్ల పాలలోనూ వస్తుంది. పాలు పడని పెద్దవాళ్లకు మాగిన చీజ్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు, ఆ మేలు ఒప్పుకోవాలి. ఉప్పు మాత్రం మరిచిపోకండి. వంద గ్రాముల చెడార్‌లో ఒకటిన్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆవకాయ, అప్పడం, పచ్చిపులుసు ఉన్న మన కంచంలో ఆ ఐదూ ఎప్పుడో దాటిపోయాయి. ప్రాసెస్డ్ స్లైసుల్లో ఉప్పు తరచూ ఇంకా ఎక్కువ. పిల్లల టిఫిన్ డబ్బాలో రోజూ రెండు స్లైసులు పెట్టే తల్లులు ప్యాకెట్ వెనక సోడియం అంకె ఒకసారి చదవాలి.

టీబీ రోగికి పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు వస్తున్నాయి. విదేశీ చీజ్ చిన్న ముక్క ఒకటి కొంటే అందులో సగం పోతుంది. అదే డబ్బుకు గుడ్లు, పల్లీలు, పప్పు, పెరుగు నెలలో చాలా రోజులకు వస్తాయి.

ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతుంటే, వారితో ఉంటున్నందుకు మీకు ముందుజాగ్రత్త కోర్సు ఇచ్చినా, మాగిన చీజ్‌ను ఆ నెలలు పక్కన పెట్టండి. నిల్వ ఉన్న చేపల విషయంలోనూ అంతే. ఎప్పుడైనా ముఖం ఎర్రబడి దడ వస్తే ఏం తిన్నారో గుర్తుచేసుకుని డాక్టర్‌కు చెప్పండి. తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా ఆ రాత్రే ఆస్పత్రికి రండి. డాక్టర్ చెప్పకుండా మాత్ర మాత్రం ఆపకండి.