బియ్యమున గోరంత, చాటింపున కొండంత

తెలుగుబిడ్డ కృషిచే లోకమునకు లభించిన మందు తెలుగుతల్లికే దక్కకపోవుటకంటె సిగ్గుచేటు వేరొకటి గలదా? భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. నేడు దానిని మన యన్నములో నెంత కలుపవలెనను ప్రశ్న వచ్చినపుడు మన పాలకులు చేయి బిగబట్టుచున్నారు.

గర్భము నిలిచిన 28 దినములలోపల శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమగు నాడీనాళము మూసికొనవలెను. మూసికొననిచో బిడ్డ వెన్ను చీలికతో పుట్టి, కాళ్లు చచ్చుబడి జీవితమంతయు కష్టించును. లేదా మెదడు సరిగా నేర్పడక పుట్టినంతనే మరణించును. అట్టి గర్భమును లోగడ మోసిన స్త్రీలకు ముందుగనే ఫోలిక్ ఆమ్లము నిచ్చినచో నూటికి 72 పాళ్లు ఆపద తప్పునని బ్రిటిషు వైద్య పరిశోధన మండలి 1991లో రుజువు చేసెను. గర్భధారణకు పూర్వమే దినమునకు 400 మైక్రోగ్రాములు తీసికొనుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

మాత్రలున్నవి గదా, చాలవా యని కొందరు పెద్దలు సెలవిచ్చెదరు. ఆ పెద్దలు మహబూబాబాదు జిల్లా కొత్తగూడ మండలమునకు దయచేయుదురుగాక! అడవినానుకొనిన కోయ గూడెములలో, లంబాడి తండాలలో నెల తప్పినదని స్త్రీ గుర్తించి ఆసుపత్రి మెట్లెక్కునప్పటికి ఆ 28 దినములు గడచిపోవుచున్నవి. ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వినట్లు గాదా? మాత్ర అందని యింటికిని అన్నము అందును. కావుననే మందును అన్నముతో పంపవలెను.

బలవర్ధక బియ్యముతో ఆ పని జరిగినదని కొందరందురు. లెక్క చూతము. అన్ని పథకములలోను ఆ బియ్యమునే యిత్తుమని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిరి. 2028 డిసెంబరు వరకు సాగింప 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గ మంగీకరించెను. కాని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నియమము ప్రకారము కిలో బియ్యమున ఫోలిక్ ఆమ్లము 75 మొదలు 125 మైక్రోగ్రాములు మాత్రమే. దినమునకు 400 గ్రాముల బియ్యము తిను స్త్రీకి దక్కునది 30 మొదలు 50! వలసినదానిలో ఎనిమిదవ వంతైనను మించదు. గంజి వార్చుటలో పోవునది వేరు. అమెరికా 1998 నుండి కిలో పిండికి 1,400 కలుపుచున్నది. వారి బిడ్డల వెన్నెముకకొక తూకము, మన బిడ్డల వెన్నెముకకొక తూకమా?

ఏజెన్సీలో సికిల్ సెల్ వ్యాధిగ్రస్తులున్నారు, ఇనుము కలిపిన బియ్యము వారికి తగునా యను సందేహము న్యాయమైనదే. దానికి వైద్యులు సమాధానము చెప్పవలసినదే. కాని ఇనుముపై వివాదమునకు ఫోలిక్ ఆమ్లమును బలియిచ్చుట యేల? అయొడీను ఉప్పు ద్వారా ఇంటింటికి చేరలేదా? ఆ ఉప్పులోనే ఫోలిక్ ఆమ్లమును గూడ కలుపవచ్చును.

మేము కోరునవి మూడు. నిపుణులచే మోతాదును తిరిగి నిర్ణయింపజేయుడు. ఉప్పు మార్గమును పరీక్షింపుడు. ఏ గింజలో నేమి కలిపితిరో జనులకు వారి భాషలో చెప్పుడు. చెప్పకపోబట్టియే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యమని యేరి పారవేసిన యిండ్లున్నవి. పఠనాలయములలో దీనిని చదువు సోదరులు తమ వీధి చౌకధరల దుకాణము నొద్ద నిలిచి, ఈ లెక్కను నలుగురికి వినిపింతురు గాక! లెక్క తెలిసిన ప్రజను గోరంతతో నెవ్వడును మభ్యపెట్టజాలడు.